440 కోసం పాత ఫ్లూట్‌ను కోయకండి

పాత ఫ్లూట్ ఒకటి బాగు చేస్తున్నానని చెప్పగానే పాశ్చాత్య సంగీతం వాయించేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "440కి పలుకుతుందా?" పాశ్చాత్య సంగీతంలో స్వరాలకి ఎ, బి, డి లాంటి అక్షరాల పేర్లు; ఎ స్వరం సెకనుకి 440 కంపనాల (హెర్ట్జ్) దగ్గర పలకాలన్నది ఇవాళ్టి శ్రుతి ప్రమాణం. పలకదు అంటే వెంటనే సలహా వస్తుంది. పైన కొంచెం కోయించు, లేకపోతే కొత్త తల చేయించు, సరిపోతుంది అని. మంచి ఉద్దేశంతోనే చెబుతారు. వాయిద్యం అన్నాక నలుగురితో కలిసి పలకాలి కదా అన్నది వాళ్ళ మాట. కానీ ఈ సలహా వల్ల చెడిపోయిన పాత వాయిద్యాలను దగ్గర నుంచి చూశాను. అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

నా బల్ల మీద ఉన్నది 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో చేసిన తరహా బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్క ఫ్లూట్. తయారీదారు ముద్ర అరిగిపోయింది కాబట్టి ఫలానావారిదని చెప్పను. అందులోని ఏర్పాటు ఎవరిదో మాత్రం స్పష్టం. లండన్ తయారీదారు రిచర్డ్ పాటర్ 1785లో పేటెంట్ తీసుకున్న పద్ధతి అది. తరవాత చాలామంది అదే పద్ధతిలో చేశారు.

ఈ ఫ్లూట్‌లో కదిలే చోట్లు మూడు. తల భాగంలో ఇత్తడి గొట్టంలో ఇంకో ఇత్తడి గొట్టం జారుతుంది. దాన్ని బయటికి లాగితే శ్రుతి దిగుతుంది, లోపలికి నెడితే పెరుగుతుంది. ఇది ఈనాటివాళ్ళకి కూడా తెలిసిన సంగతే. రెండోది ఊదే రంధ్రం పక్కన లోపల ఉండే కార్క్ బిరడా. దానికి ఒక మర కడ్డీ బిగించి ఉంటుంది. కొసన ఉన్న టోపీ తిప్పితే బిరడా ముందుకో వెనక్కో జరుగుతుంది, కడ్డీ కొస టోపీ మధ్యలోంచి బయటికి కనబడుతుంది. మూడోది అన్నిటికంటే విచిత్రం. ఫ్లూట్ అడుగు కొసన, చివరి కీ (వేలితో నొక్కితే రంధ్రాన్ని తెరిచే, మూసే మీట) కూడా దాటిపోయాక, ఇంకో చిన్న గొట్టం జారుతుంది. తల స్లైడ్ మీద గీతలు, అంకెలు ఉంటాయి. బిరడా కడ్డీ మీద ఉంటాయి. అడుగు గొట్టం మీద కూడా ఉంటాయి. మూడింటినీ ఒకే అంకె మీద పెట్టి వాయించాలి. తలని ఐదు మీద పెడితే బిరడా ఐదు, అడుగు ఐదు.

ఒక్క స్లైడ్‌తో తేలిపోయే పనికి మూడు ఎందుకు పెట్టారు? ఈ ప్రశ్నకి జవాబు అర్థం చేసుకోకుండా ఈ ఫ్లూట్ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇది తయారైన కాలంలో అందరికీ ఒకటే అయిన శ్రుతి లేదు. 1751 నాటిది, స్వరకర్త హాండెల్‌దిగా చెప్పే శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) ఎ స్వరానికి దాదాపు 422.5 హెర్ట్జ్ ఇస్తుంది. ఫ్రాన్స్ 1859లో చట్టం చేసి 435 అంది. 19వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండ్‌లో ఆర్కెస్ట్రాలు, బ్యాండ్లు 452 దాకా ఎక్కాయి. మనం ఇవాళ ఆదినుంచీ ఉన్నదన్నట్టు మాట్లాడే 440 మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది 1939లో. ఒక ఊళ్ళో ఆర్గన్ ఒక శ్రుతిలో, పక్క ఊళ్ళో హార్ప్సికార్డ్ ఇంకో శ్రుతిలో ఉంటే ఫ్లూట్ వాద్యకారుడు ఏం చెయ్యాలి? అంతకుముందు వాడుకలో ఉన్న ఉపాయం, ఒకే ఫ్లూట్‌కి పొడవులో తేడా ఉన్న మధ్య భాగాలు మూడో, ఐదో, ఏడో పెట్టెలో పెట్టుకుని తిరగడం. ఎక్కడి శ్రుతికి సరిపోయే ముక్క అక్కడ తగిలించడం. పాటర్ పద్ధతి ఆ పెట్టెడు ముక్కల పనిని ఒకే ఫ్లూట్‌తో చేయించాలని చూసింది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. గొట్టం పొడవు పెంచితే అన్ని స్వరాలూ ఒకే లెక్కన దిగవు. అడుగున ఉన్న డి స్వరాన్నే తీసుకోండి. 440 శ్రుతిలో, 20 డిగ్రీల వేడిలో, దాని గాలి స్తంభం పొడవు దాదాపు 584 మిల్లీమీటర్లు. పై రంధ్రం ఒక్కటే మూసి ఊదే బి స్వరానికి అది 347. (ఇవి స్కేలు పెట్టి కొలిచే గొట్టం పొడవులు కావు, లెక్కలో వచ్చే ధ్వని పొడవులు.) ఇప్పుడు తల దగ్గర 5 మిల్లీమీటర్లు బయటికి లాగండి. 584కి 5 కలిస్తే డి స్వరం దాదాపు 15 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) దిగుతుంది. 347కి అదే 5 కలిస్తే బి స్వరం 25 సెంట్లు దిగుతుంది. అంటే లాగకముందు ఒకదానికొకటి పొందికగా ఉన్న రెండు స్వరాల మధ్య పది సెంట్ల ఎడం వచ్చేసింది. మిగతా వాటితో పోలిస్తే డి పైకి లేచి వినిపిస్తుంది. పక్కన వయొలిన్ ఉంటే ఆ తేడా దాచలేం.

అడుగున ఉన్న చిన్న స్లైడ్ పని అదే. తల దగ్గర 5 లాగినప్పుడు అడుగున మూడున్నర మిల్లీమీటర్ల దాకా లాగితే డి మళ్ళీ దిగి బి తో కలుస్తుంది. బిరడా సంగతి ఇంకోటి. ఊదే రంధ్రానికి బిరడా ఎంత దూరంలో ఉందన్నదాని మీద మంద్రానికీ తారానికీ మధ్య అష్టకం (స నుంచి పై స దాకా ఉండే దూరం) సరిగ్గా పడటం ఆధారపడుతుంది. పై స్థాయి స్వరాలు ఎంత తేలిగ్గా పలుకుతాయో కూడా దానితో ముడిపడి ఉంది. పొడవు మారితే దాన్నీ కొద్దిగా సర్దాలి. అందుకే మూడు అంకెలు. ఎక్కడికి వెళ్ళినా తన స్వరాలు తమలో తాము పొందిక తప్పకుండా ఉండాలని ఆ ఫ్లూట్ చేసే ప్రయత్నం అది.

ఆ ప్రయత్నం పూర్తిగా ఫలించిందా అంటే, లేదు. ఇది దాచడం నాకిష్టం లేదు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కి ఫ్లూట్ నేర్పిన క్వాంట్జ్, పాటర్ పేటెంట్‌కి ముప్ఫై ఏళ్ళ ముందే, 1752లో అచ్చయిన తన గ్రంథంలో, అప్పటికే కొందరు వాడుతున్న అడుగు స్లైడ్‌ని తప్పుబట్టాడు. దానితో బాగుపడేది అడుగు స్వరం ఒక్కటేనన్నది ఆయన అభ్యంతరం. లెక్క చూస్తే ఆయన మాట నిజమే. పై ఉదాహరణలోనే ఇ స్వరం పదిహేడు సెంట్లు, జి ఇరవై, ఎ ఇరవైరెండు చొప్పున దిగుతాయి. అడుగు స్లైడ్ వీటి జోలికి దాదాపు పోదు. మధ్య స్వరాల తేడా పెదవితో సర్దుకోవాల్సిందే. అయినా నేను పాటర్ పక్షమే. ఈ ఫ్లూట్‌కి డి సొంత ఇల్లు. ఆరు రంధ్రాలూ మూసి ఊదితే వచ్చేది అదే, అన్నిటికంటే నిండుగా మోగేదీ అదే. ఆ కాలపు ఫ్లూట్ రచనల్లో డి, జి స్వరాలు ఆధారంగా నడిచేవి కోకొల్లలు. పైగా ఆరు వేళ్ళూ మూసి గట్టిగా ఊదే స్వరాన్ని పెదవితో కిందికి దించడం కష్టం, దించితే గొంతు నొక్కినట్టు అవుతుంది. మధ్య స్వరాలకి కాస్త పెదవి సాయం చాలు. ఏ ఒక్క స్వరానికైనా యంత్రం సాయం పెట్టాల్సి వస్తే అది డి కే పెట్టాలి. పాటర్ ఆ ఎంపిక తెలిసి చేశాడనే నా నమ్మకం.

1832లో లండన్‌లోనే రూడాల్ అండ్ రోజ్ వారు తమ పేటెంట్ తలతో ఇదే ఆలోచనని ఇంకో అడుగు ముందుకి తీసుకెళ్ళారు. అందులో స్లైడూ బిరడా ఒకదానితో ఒకటి ముడిపడి కలిసి కదులుతాయి. వాద్యకారుడు రెండు అంకెలు గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ఆ తల నా చేతికి ఎప్పుడైనా వస్తే దాని గురించి వేరే రాస్తాను.

ఇక నా ఫ్లూట్. నా దగ్గరికి వచ్చేసరికి మూడు స్లైడ్లలో ఒక్కటీ కదలడం లేదు. తల స్లైడ్ చిలుము పట్టి, ఎండిన గ్రీజుతో బిగుసుకుపోయింది. బిరడా కార్క్ కుంచించి, మర కడ్డీ నుంచి ఊడి, లోపల వంకరగా కూర్చుంది. అడుగు స్లైడ్‌ని మాత్రం కాలం బిగించలేదు. ఎవరో ఎపాక్సీ (రాయిలా గట్టిపడే రసాయన జిగురు) పెట్టి అతికించారు. అది ఎలాగూ అక్కర్లేని భాగం, వదులై గలగలమంటోంది కాబట్టి స్థిరంగా ఉంటే మంచిది అనుకుని ఉండాలి. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. వదులైన స్లైడ్‌కి కొద్దిగా మందం గ్రీజు చాలు. దాన్ని శాశ్వతంగా అతికించడం అంటే ఈ ఫ్లూట్‌కి ఉన్న ఒక తెలివిని నోరు నొక్కి మూసెయ్యడం.

ఏదీ విప్పకముందు చూడాల్సినవి చూశాను. ఫొటోలు తీశాను, లోపలి కొలతలు తీసుకున్నాను. చెక్క ఎండేటప్పుడు నారకి అడ్డంగా కుంచించుకుంటుంది, అదీ అన్ని దిక్కులా సమానంగా కాదు. వార్షిక వలయాల వెంబడి కుంచించేది వాటికి అడ్డంగా కుంచించే దానికి దాదాపు రెట్టింపు. అందుకే గుండ్రంగా తొలిచిన గొట్టం రెండు వందల ఏళ్ళకి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఒక్క దిక్కున కొలిచి వదిలేస్తే తప్పు అంకె వస్తుంది. ఇత్తడి స్లైడ్ మీద అరుగుదల కూడా పరీక్షగా చూశాను. ఒక అంకె దగ్గర ఇత్తడి మిగతా చోట్ల కంటే నునుపుగా అరిగి ఉంది. ఎన్నో ఏళ్ళు ఈ ఫ్లూట్ ఆ శ్రుతిలోనే పలికిందన్నమాట. నాకు ఇంతకంటే విలువైన పత్రం లేదు. పాలిష్ గుడ్డతో గట్టిగా రుద్ది తళతళలాడించి ఉంటే అది కాస్తా పోయేది.

తల భాగం నిలువునా పగిలింది. ఇలాంటి ఫ్లూట్లలో ఇది మామూలే. కారణం ఆ శ్రుతి ఏర్పాటే. చెక్క గొట్టాన్ని నేరుగా బయటికి లాగితే లోపల వెడల్పాటి గాడి తెరుచుకుని స్వరాలు చెడతాయి కాబట్టి, పల్చటి ఇత్తడి గొట్టంతో తల లోపలంతా తొడుగు వేశారు. చెక్క ఏటేటా కుంచించుకుంటుంది, ఇత్తడి కుంచించదు. చివరికి చెక్క పగులుతుంది. అందుకని తొడుగు పీకేసి, మామూలు చెక్క తల పెట్టుకోమని వాదించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పగులు వచ్చిందంటే ఆ ఒత్తిడి చాలావరకు తీరిపోయిందని అర్థం. పైగా గాలిని లోపల పట్టి ఉంచేది ఇత్తడి తొడుగు కాబట్టి, ఊదే రంధ్రం గుండా పోనంతవరకు ఆ పగులు శబ్దానికి పెద్ద హాని చెయ్యదు.

పగులుని ఎలా బాగు చెయ్యాలన్నది పెద్ద తర్జనభర్జన. తొడుగు తీసేసి, చెక్క లోపలి వైపు కొద్దిగా తొలిచి వెడల్పు చేసి, పగులు రెండు అంచుల్నీ దగ్గరికి నొక్కి అతికించి, తొడుగు మళ్ళీ దూర్చడం ఒక పద్ధతి. చూడ్డానికి పగులు ఉన్నట్టే తెలియదు. కానీ అసలు చెక్క కొంత పొడి అయిపోతుంది. రెండో పద్ధతి పగులుని ఉన్నంత వెడల్పులోనే ఉంచి, అదే జాతి చెక్క నుంచి తీసిన సన్నని చీలికని చర్మపు జిగురుతో అందులో కూర్చోబెట్టడం. గీత కనబడుతుంది. నేను రెండోదే చేశాను. ఆ జిగురు తడి, వేడి తగిలితే మెత్తబడుతుంది. రేపు నాకంటే బాగా తెలిసినవాళ్ళు వస్తే నా చీలికని తీసి పారేసి తమ పని చేసుకోవచ్చు. తొలిచేసిన చెక్క విషయంలో అలాంటి అవకాశం ఎవరికీ ఉండదు.

బిగుసుకున్న స్లైడ్ దగ్గర బలం పనికిరాదు. రెండు చేతులతో పట్టుకుని మెలిపెడితే తొడుగు చెక్కలోపలే తిరిగిపోయి పగులు ఇంకా సాగుతుంది. బాక్స్‌వుడ్ మీద నూనె పడితే మరక పోదు కాబట్టి చెక్కని మూసి పెట్టి, ఇత్తడి కలిసే చోట మాత్రమే పల్చటి నూనె చుక్క వేసి, గోరువెచ్చగా చేసి, వదిలెయ్యడం. మర్నాడు మళ్ళీ అదే. ఎక్కువ వేడి చేస్తే ఇత్తడి వ్యాకోచించి పగులుని తెరుస్తుంది. కదిలేదాకా ఇంతకు మించి చేసేదేమీ లేదు. అడుగున ఎపాక్సీ పెట్టిన చోట ఇంకా టెన్షన్. అది వేడికి మెత్తబడుతుంది, కానీ ఆ వేడి చెక్కకి చేరకూడదు. ఇత్తడి గొట్టం లోపలి నుంచే కొద్దికొద్దిగా వేడి ఇచ్చి, తిప్పి చూసి, ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ ఇచ్చి ఊడదీశాను. గీతలు, అంకెలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి.

కీల సంగతి క్లుప్తంగా చెబుతాను. పాటర్ పేటెంట్‌లో భాగంగానే, తోలు మెత్తల బదులు ప్యూటర్ బిళ్ళలు రంధ్రాల్ని మూస్తాయి. ప్యూటర్ తగరం ఎక్కువగా ఉన్న మెత్తటి లోహం, శంకువు కొసలా ఉండి లోహపు గూట్లో కూర్చుంటుంది. వీటిని తీసేసి తోలు పెట్టుకోమని కూడా సలహా ఇస్తారు. శుభ్రం చేసి, స్ప్రింగు సరిచేస్తే అవి చక్కగా మూస్తాయి. టంకం పనికి పూనుకునేవాళ్ళు మాత్రం జాగ్రత్త పడాలి, ప్యూటర్ చాలా తక్కువ వేడికే కరిగిపోతుంది. దంతపు ఉంగరాల్లో ఒకటి పోయింది. కొత్త ఏనుగు దంతం ప్రసక్తే లేదు. రెసిన్‌తో చేసిన నకలు పెట్టాను, అది నకలని, చేసిన పని వివరాలు రాసే కాగితంలో రాశాను. పాత కార్క్ బిరడాని పారెయ్యకుండా ఒక పొట్లంలో కట్టి పెట్టెలోనే ఉంచాను.

అన్నీ కదలడం మొదలయ్యాక మూడింటినీ అరుగుదల కనిపించిన అంకె మీద పెట్టి ఊదాను. ఎ స్వరం 430 దగ్గర నిలిచింది. డి, దాని అష్టకం, ఎ ఒకదానికొకటి అతికినట్టు కలిశాయి. తరవాత తల ఒక్కదాన్నే ఒక అంకె బయటికి లాగి, మిగతా రెండూ కదపకుండా ఊదాను. డి పైకి లేచిపోయింది. అడుగు స్లైడ్‌ని కూడా అదే అంకెకి తెచ్చాక డి మళ్ళీ తన చోటికి వచ్చింది. కాగితం మీద వేసుకున్న లెక్క చెవికి వినిపించింది. ఎపాక్సీ పెట్టినవాళ్ళు అక్కర్లేదనుకున్న భాగం చేసే పని ఇది.

ఇప్పుడు మళ్ళీ ఆ మొదటి సలహాకి వస్తాను. 430లో ఉన్నదాన్ని 440కి తేవాలంటే దాదాపు 40 సెంట్లు పెంచాలి. డి కోసం పైన 13.6 మిల్లీమీటర్లు కోయాలి. అదే కోత బి స్వరాన్ని 40 కాకుండా 68 సెంట్ల దాకా ఎక్కిస్తుంది. అంటే బి తన చోటు కంటే 28 సెంట్లు పైన మోగుతుంది, అర్ధస్వరంలో పావు వంతు కంటే ఎక్కువ. ఇది పెదవితో సర్దుకునే తేడా కాదు. బి కోసం కోత తగ్గిస్తే డి కిందే ఉండిపోతుంది. పొందిక చెడకూడదనే మూడు చోట్ల గీతలు గీసి చేసిన వాయిద్యానికి అడ్డంగా ఒక కోత పెట్టి ఆ పొందికనే పాడుచేస్తున్నాం. శ్రుతులు పెరుగుతూ పోయిన కాలంలో ఎన్నో పాత ఫ్లూట్లకి ఇదే జరిగింది. కోసిన ఫ్లూట్ చేతికి వస్తే ఒక్క స్వరమాల ఊదితే చాలు, పట్టుబడిపోతుంది.

దీనికి ఎదురు కొస నుంచి వచ్చే వాదన కూడా ఉంది. అసలు ఊదొద్దు, అద్దాల బీరువాలో పెట్టు అంటారు. దానికి నేను చాలా గౌరవం ఇస్తాను. ఏళ్ళ తరబడి ఎండిన చెక్కలోకి ఒక్కసారిగా ఊపిరి తడి పోతే లోపలి పొర ఉబ్బుతుంది, పై పొర పొడిగానే ఉంటుంది, ఆ లాగులాటలో చెక్క పగులుతుంది. ఎవరి చెయ్యీ పడకుండా, మొదట ఎలా ఉందో అలాగే మిగిలిన ఫ్లూట్ దొరికితే నేనూ ఊదను. కొలతలు తీసి వదిలేస్తాను. కానీ ఇప్పటికే అతుకులు, కొత్త భాగాలు పడిన ఫ్లూట్‌ని కదలకుండా దాచితే, దానిలో ఇంకా చెప్పగలిగినదాన్ని కూడా పోగొట్టుకుంటాం. మూడు స్లైడ్లు కలిసి ఏం చేస్తాయో నాకు చూసి తెలియలేదు, కదిపి ఊదితేనే తెలిసింది. అందుకని రోజుకి కొద్ది నిమిషాలు, ఆ వెంటనే లోపల తుడిచి ఆరబెట్టడం. అంతకు మించి ఊదడం లేదు.

440లో అందరితో కలిసి వాయించాలనుకునేవాళ్ళకి సరైన దారి ఇంకోటి ఉంది. అసలుదాని కొలతలు తీసుకుని, తగ్గించాల్సిన పొడవుని ఒక్క చోట కాకుండా మొత్తం గొట్టమంతటా, రంధ్రాల మధ్య దూరాలతో సహా దామాషాలో తగ్గించి, కొత్త చెక్కతో నకలు చేయించుకోవడం. నా ఫ్లూట్ కొలతలు ఒక తయారీదారుకి ఇచ్చాను. ఆయన ఒప్పుకున్నాడు గానీ, 440 ఖాయమైపోయాక నకలులో అడుగు స్లైడ్ దేనికి, ఒట్టి ఖర్చు అంటున్నాడు. గది వేడి ఒక్క డిగ్రీ మారితే గొట్టంలో గాలి శ్రుతి దాదాపు 3 సెంట్లు మారుతుంది. చలి రోజుకీ ఎండ రోజుకీ మధ్య తల స్లైడ్ ఎలాగూ లాగాలి, అది లాగిన ప్రతిసారీ డి తేడా వస్తుంది. ఈ లెక్కే కాగితం మీద వేసి ఆయనకి పంపాను. మూడు స్లైడ్లూ అంకెలతో సహా ఉంటేనే చేయమన్నాను. ఇంకా బేరం నడుస్తోంది.